నైరుతి ర్యాంపు

మా హైస్కూలుకు మహర్దశ పట్టబోతోందని నాకు మొదట తెలిసింది మరుగుదొడ్డి గుమ్మంలో. జిల్లా పరిషత్తు తన బడులన్నిటినీ పడగొట్టి అధునాతనంగా కట్టించే పథకం పెట్టిందనీ, అందుకు ముందుగా ఉన్న దరిద్రాన్నంతా ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాలనీ హెడ్మాస్టరుగారు సెలవిచ్చారు. ఆ గౌరవం సోషల్ టీచర్నయిన నాకు దక్కింది. ఏళ్ళ తరబడి ఫ్రెంచి విప్లవం చెప్పి అరిగిపోయిన గొంతుతో "లోపల ఎవరూ లేరు కదర్రా" అని అరుస్తూ ఒక్కో దొడ్డికీ ఫొటో తీశాను. యాప్‌కు తలుపు ఫొటో కావాలి. తలుపే లేదు మహాప్రభో అని మొర పెట్టుకోవడానికి అందులో చోటు లేదు. చివరికి విసుగొచ్చి హెడ్మాస్టరుగారి గది తలుపు ఫొటో తీసి పెట్టాను. ఆకుపచ్చ టిక్కు పడింది. దాంతో పథకం మీద నాకు గురి కుదిరింది.

నేను ఉండేది విజయవాడ పటమటలో. పొద్దున్నే బస్సెక్కి, గన్నవరం దాటాక హైవే మీద దిగితే, అక్కణ్ణుంచి కాలవ గట్టు వెంట ఊళ్ళోకి షేర్ ఆటో. దారి పొడుగునా ఒకప్పుడు వరిచేలు, ఇప్పుడు రొయ్యల చెరువులు. ఆ ఆటో నడిపే అతని కూతురు మా బళ్ళోనే ఎనిమిదో తరగతి. పుట్టుకతోనే ఆ పిల్ల కాళ్ళు పనిచేయవు. చక్రాల కుర్చీ మడిచి ఆటో వెనక కట్టుకుని, ఆమెను ముందు తన పక్కన కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. బడి దగ్గర ఎత్తుకుని మెట్లెక్కించి, మళ్ళీ కిందికొచ్చి కుర్చీ మోసుకెళ్ళేవాడు. సాయంత్రం ఇదే తంతు తిరగేసి.

చురుకైన పిల్ల అనడం తక్కువ మాట. నేను పాఠంలో పొరపాటు చెబితే క్లాసందరి ముందూ నన్ను పట్టుకు కడిగేది. "మేడం, నిన్న ఇంకోలా చెప్పారు" అనేది, పుస్తకం చూడకుండానే. నాకు ఒళ్ళు మండేది. మర్నాడు ఆ పిల్ల రాకపోతే మాత్రం క్లాసు ఉప్పు లేని పప్పులా ఉండేది.

ఒకరోజు తండ్రి కిరాణా కొట్టు ముందు ఆటో ఆపి సరుకులకు వెళ్ళినప్పుడు ఆ పిల్ల వెనక్కి తిరిగి నాతో అంది.

"వచ్చే ఏడాది నుంచి నేను బడికి రాను మేడం."

"ఏం, ఏమొచ్చింది?"

"నాన్నకి నడుం పట్టేస్తంది. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. అయినా నేనేం చిన్నపిల్లనా మేడం, అందరూ చూస్తుంటే ఎత్తుకోవడానికి? పీఈటీ సారు నేనెత్తుతానంటారు. నాకొద్దు. ఇంట్లో కూర్చుని ప్రైవేటుగా టెన్త్ కట్టేస్తాను."

ప్రైవేటుగా టెన్త్ కడతామని ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఏం కట్టారో నేను చూస్తూనే ఉన్నాను. మిషను కుట్టుకునేవాళ్ళు కొందరు, చంటిపిల్లల్ని ఆడించేవాళ్ళు కొందరు. అప్పుడే గుర్తొచ్చింది. నేను ఎక్కించిన ఫొటోల చివర, కొత్తగా రాబోయే వసతుల్లో, ర్యాంపు అని ఉంది.

"పిచ్చిమొహమా, ర్యాంపు వస్తోంది. నీ కుర్చీ నువ్వే తోసుకుంటూ సరాసరి క్లాసులోకి పోవచ్చు" అన్నాను.

"నిజంగానా? ఎవరూ ఎత్తక్కర్లేదా?" అంది. ఆ రోజు ఆటో దిగేదాకా ర్యాంపు గురించే అడిగింది. ఎంత వెడల్పు, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుందా, వానకు జారుతుందా. బతిమాలి మరీ నా దగ్గర మాట తీసుకుంది. కొత్త బడి కట్టేదాకా చదువు మానను అని నేనూ ఆమె దగ్గర మాట తీసుకున్నాను.

పాత బడి పడగొట్టాక మా హైస్కూలును ఊరి చర్చి ఆవరణలో రేకుల షెడ్డు కిందికి మార్చారు. ఎండకు మాడాం, వానకు తడిశాం. కానీ నేల చదునుగా ఉండేది. ఆ పిల్ల ఏడాదంతా ఎవరి సాయమూ లేకుండా కుర్చీ తోసుకుంటూ వచ్చి, తనకు నచ్చిన చోట కూర్చుని, నన్ను తన ఇష్టమొచ్చినట్టు కడిగింది. ఆధునికీకరణ జరగని ఆ ఒక్క ఏడాదే మా బడి ఆధునికంగా ఉంది.

పథకం పనులన్నీ తల్లిదండ్రుల కమిటీ చేతుల మీదుగా జరగాలని నియమం. కమిటీకి అధ్యక్షురాలు ఒకావిడ. సంతకం పెట్టేది ఆవిడ, అధ్యక్షత వహించేది ఆవిడ భర్త. రొయ్యల చెరువుల ఆసామి, ఊరంతా ఆయన్నే చైర్మన్ గారంటుంది. మంచివాడే, చెడ్డవాడని అంటే కళ్ళు పోతాయి. సొంత ట్రాక్టరు పెట్టి మట్టి తోలించాడు. ఇబ్రహీంపట్నం నుంచి బూడిద ఇటుకలు వస్తే లారీ దగ్గర నిలబడి విరిగినవన్నీ వెనక్కి పంపించాడు. ఇంత శ్రద్ధ గల మనిషి ప్లాను పరిశీలనకు ఇంజినీరును ఒక్కణ్ణే పిలిస్తే బాగుండేది. సిద్ధాంతిగారిని కూడా పిలిచాడు.

బల్ల మీద ప్లాను పరిచారు. ఇంజినీరు ఒక కొస పట్టుకున్నాడు, హెడ్మాస్టరుగారు ఒక కొస. సిద్ధాంతిగారు జేబులోంచి దిక్సూచి తీసి దాని మీద పెట్టి, వంగి చూశారు. రక్తపరీక్ష రిపోర్టు చూసే డాక్టరు ముఖం పెట్టుకున్నారు.

"ఈ ఏటవాలుదేంటి?" అని అడిగారు.

"ర్యాంపండీ. దివ్యాంగులకి" అన్నాడు ఇంజినీరు.

"ఈశాన్యంలో వచ్చింది. ఈశాన్యం మీద బరువు పెడితే ఇంకేమన్నా ఉందా. బరువెప్పుడూ నైరుతిలో ఉండాలి."

నైరుతి అంటే బడి వెనక, పదో తరగతి గది మూల. అది కూడా మంచిదేగా, పదో తరగతిలోకే నేరుగా పోవచ్చు అనుకుని, అయితే అక్కడ తలుపు పెట్టించండి అన్నాను. సిద్ధాంతిగారు నా వంక జాలిగా చూశారు.

"నైరుతిలో ద్వారమా అమ్మా? కట్టిన యజమానికి అరిష్టం."

కట్టే యజమాని జిల్లా పరిషత్తు కదా, దాని అరిష్టం అది చూసుకుంటుంది అన్నాను. చైర్మన్ గారి ముఖం మాడిపోయింది. యజమాని తానేనని ఆయన అప్పటికే మనసులో అనేసుకున్నాడు.

ఆ పిల్ల తండ్రి కూడా కమిటీలో సభ్యుడే. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నవాడు గొంతు సవరించుకున్నాడు. "మేం ప్రార్థన చేసుకునేవాళ్ళమండీ. మాకీ వాస్తు పట్టింపులు లేవు. పాప ఎక్కడానికి వీలుంటే చాలండి."

"నీకు లేదయ్యా, ఊరికుంది. ఊరు మునిగితే నువ్వు మాత్రం తేల్తావా?" అన్నాడు చైర్మన్ గారు. కోపంగా కాదు, నచ్చజెబుతున్నట్టే అన్నాడు. అతను మళ్ళీ గోడకు ఆనుకున్నాడు.

నేను ఇంజినీరును బయట పట్టుకుని దులిపేశాను. ర్యాంపు ఒక చోట, తలుపు ఇంకో చోట ఏంటండీ, మీరు చదివింది ఇదేనా అని. పాపం కుర్రాడు, చేతిలో ఫోను తిప్పుకుంటూ నిజం చెప్పాడు. "మేడం, యాప్‌లో ర్యాంపు పొడవు, వెడల్పు, వాలు, కడ్డీ అడుగుతారు. అవన్నీ ఉంటాయి. అది ఎక్కడికెళ్తుందని అడగరు."

అలా మా ర్యాంపు నైరుతిలో వెలసింది. అంతా కొలత ప్రకారమే. నున్నటి వాలు, రెండు వైపులా మెరిసే స్టీలు కడ్డీలు, జారకుండా గీతలు. కింద మొదలై, ఒద్దికగా పైకెక్కి, పదో తరగతి గది వెనక గోడకు తగిలి ఆగిపోయింది. పక్కనే ఒక కిటికీ. గోడ బోసిగా ఉందని దాని మీద భూగోళం బొమ్మ కూడా వేయించారు. బుడమేరు వాగు పొంగినా నీళ్ళు రాకూడదని కొత్త బడి పునాది బాగా ఎత్తు చేయడంతో ముందువైపు మెట్లు పాత వాటికంటే పెరిగాయి. వాటికి గ్రానైటు పరిచారు. తడి కాలితో ఎక్కితే మా హెడ్మాస్టరుగారికే ప్రాణం మీదికొచ్చేది.

ప్రారంభోత్సవానికి ఒక పెద్దాయన వచ్చారు. రిబ్బను కత్తిరించి, తాకితే పలికే బోర్డును తాకి, శుద్ధి చేసిన నీళ్ళు ఒక గుక్క తాగి, ర్యాంపు దగ్గరకొచ్చారు. ఫొటో కోసం ఒక దివ్యాంగ విద్యార్థిని కావాలన్నారు వెంట ఉన్నవాళ్ళు. మాకు ఉన్నది ఒక్కతే. కొత్త యూనిఫాంలో, రెండు జడలకూ రిబ్బన్లు కట్టుకుని ఉంది. ఆమెను ర్యాంపు ఎక్కించి, పెద్దాయన పక్కన నిలబడి కుర్చీ మీద చెయ్యి వేశారు. ఫొటోలు పడ్డాయి. చప్పట్లు పడ్డాయి. అందరూ భోజనాల షామియానా వైపు కదిలారు. కుర్చీ మాత్రం గోడకెదురుగా భూగోళం వైపు తిరిగి అలాగే ఉంది. నేను పైకి వెళ్ళేసరికి ఆ పిల్ల తల తిప్పి చూసింది.

"ఎక్కాను మేడం. ఇప్పుడెటు?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు భోజనంలో ఏడు రకాల కూరలట, నేను మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. ఎవరి మీద అరవాలో తెలియక ఇంటికొచ్చి మా వారి మీద అరిచాను.

మర్నాడు ఆ పిల్లే దారి కనిపెట్టింది. "మేడం, ఆ కిటికీ దగ్గర కూర్చుంటాను. బోర్డు కనబడతది." అంతే, పదో తరగతి అలా మొదలైంది. లోపల గదిలో అందరూ కొత్త బల్లల మీద, ఆమె ర్యాంపు చివర కిటికీ బయట. ఊచల్లోంచి పుస్తకాలు అందించడానికి ఆమె నేస్తం లోపల కిటికీ పక్కన కూర్చునేది. హాజరు పిలిస్తే బయట్నించి "ప్రెజెంట్ మేడం" అని వినబడేది. మధ్యాహ్నం దాటితే పడమటి ఎండ సరిగ్గా ముఖం మీద. కడ్డీకి గొడుగు కట్టాం. నేను ఆ గదిలో నిలబడి ప్రాథమిక హక్కులు, సమానత్వపు హక్కు పాఠం చెప్పాను. అలాంటి పాఠం చెప్పినందుకు నా నాలుక ఊడి కింద పడలేదంటే నాలుకలు చాలా గట్టివి. ఆమె మాత్రం బయట్నించి చెయ్యెత్తి ప్రశ్నలడిగింది.

ఊరుకోలేదు నేను. జిల్లాలో పథకం ఆఫీసుకు వెళ్ళాను. దివ్యాంగుల చట్టం ఏం చెబుతుందో చెప్పాను. అధికారి ఓపిగ్గా విని కంప్యూటరు నా వైపు తిప్పాడు. "మీ స్కూల్లో ర్యాంపు పచ్చగా ఉంది మేడం. ఉన్నదాన్ని మళ్ళీ ఎలా ఇవ్వమంటారు?" ఆ ర్యాంపు గోడకు తగులుతోందండీ అంటే, గోడ కూడా పచ్చగానే ఉందన్నాడు. చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాను. కాఫీ ఇప్పించాడు. తలుపు మాట ఎత్తగానే, "మీరు చదువుకున్నవాళ్ళు మేడం గారూ, మీకు చెప్పేంతవాణ్ణి కాదు" అన్నాడు. ఆ మాట అన్నారంటే ఇక పని కాదని అర్థం. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

వానాకాలం ముదిరింది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోత. గొడుగు ఎగిరిపోయింది. మేము బయటికొచ్చి కుర్చీ కిందికి దింపేలోపు పిల్లా పుస్తకాలూ తడిసి ముద్దయ్యాయి. జ్వరం వచ్చింది. తర్వాత ఆటోలో తండ్రి అద్దంలోంచి నన్ను చూస్తూ అన్నాడు. "చాలు మేడం గారూ. దసరా సెలవల దాకా చూస్తాను. ఆ తర్వాత పంపను. చదువు కావాలంది, నిజమే. కిటికీ పట్టుకుని ఏలాడ్డం నేను చూడలేకపోతన్నాను." పక్కన కూతురు కాలవ వైపు చూస్తూ కూర్చుంది. మాట ఇచ్చినదాన్ని నేనే కదా.

అదిగో, అప్పుడు రొయ్యలు చచ్చిపోయాయి. చైర్మన్ గారి చెరువుల్లో వైట్ స్పాట్ తెగులు వచ్చి పంటంతా తుడిచిపెట్టుకుపోయింది. ఒకరి నష్టానికి సంతోషించకూడదు. నేను సంతోషించలేదు. కాకపోతే మర్నాడు హైవే మీద బస్సు దిగి ఆటో ఎక్కేసరికి లోపల సిద్ధాంతిగారు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో సంచీ, సంచీలో దిక్సూచి. అప్పుడు కొంచెం సంతోషించాను.

"చైర్మన్ గారింటికాండీ?" అన్నాను, పక్కన కూర్చుంటూ.

"అవునమ్మా. ఇల్లు చూశాను, చెరువులు చూశాను, వంక పెట్టడానికేం లేదు. అయినా ఎందుకిలా జరిగిందో అంతు పట్టట్లేదు."

నేను ఎంత అమాయకంగా ముఖం పెట్టగలనో అంత అమాయకంగా పెట్టాను. "నాకు తెలీక అడుగుతున్నానండీ. వీధిపోటు అంటే ఏంటి?"

ఆయన ముఖం వెలిగింది. వీధి నేరుగా వచ్చి ఇంటికి తగిలితే అది పోటు అని, నైరుతిలో తగిలే పోటు అన్నిటికంటే చెడ్డదని, ఆస్తినష్టం తప్పదని సావకాశంగా వివరించారు.

"ఆహా. అంటే దారి పైకెక్కి మరీ వచ్చి నైరుతి గోడకి తగిలితే?" అన్నాను.

సిద్ధాంతిగారి చెయ్యి సంచీలో దిక్సూచి కోసం వెతికింది. అద్దంలో ఆ పిల్ల తండ్రి కళ్ళు కనబడ్డాయి. ఆటో నెమ్మదించింది. గట్టు మీద గుంటలన్నీ ఎంతో మర్యాదగా తప్పించుకుంటూ నడిపాడు.

"కట్టించింది చైర్మన్ గారు కదా. దగ్గరుండి మరీ కట్టించారు" అన్నాను.

"పోటే" అన్నారాయన చివరికి, తనలో తాను. "నైరుతి పోటు."

"మరి పోటుకి దారి ఇచ్చేస్తే పోటు ఉండదు కదండీ?"

"నైరుతిలో ద్వారం కూడదని నేనే చెప్పానమ్మా." ఆయన నిజంగానే ఇరకాటంలో పడ్డారు. ఊరు కనబడేదాకా వేళ్ళు లెక్కపెట్టుకుని, ఒక్కసారి తేరుకున్నారు. "అక్కడ కిటికీ ఉంది కదూ? కిటికీని ర్యాంపు తగిలే చోటికి జరిపి కిందిదాకా దించితే అది ద్వారం కాదు. కిటికీయే. పొడుగు కిటికీ."

ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది. చట్టం వల్ల కానిది, ఆఫీసు వల్ల కానిది, చచ్చిన రొయ్యల వల్ల అయింది. వారం తిరక్కుండా భూగోళం బొమ్మను పగలగొట్టి, కింది దాకా కోసి, రెక్కలు బిగించారు. గడప లేదు, అది కిటికీ కదా. ఇంజినీరు యాప్‌లో కిటికీ మరమ్మతు అని రాసుకున్నాడు. ఆకుపచ్చ టిక్కు పడింది.

ద్వారం కాదన్నదానికి ప్రవేశం మాత్రం ముహూర్తం పెట్టి చేశారు. మామిడాకులు కట్టారు, గుమ్మడికాయ కొట్టారు. చైర్మన్ గారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, వారం రోజుల్లో మనిషి సగమయ్యాడు. ఆ పిల్ల ర్యాంపు కింద కుర్చీలో సిద్ధంగా ఉంది. తల్లి పూలు పెట్టి పంపింది. తండ్రి ఆటో పక్కన పెట్టి వచ్చి, కాస్త దూరంగా నిలబడ్డాడు. నేను ఆమెతో "పద" అన్నాను.

సిద్ధాంతిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "తొలి అడుగు అన్ని అవయవాలూ సరిగా ఉన్న పిల్లది కావాలమ్మా."

పెద్ద గొంతుతోనే అన్నారు. ఆయనకది మంత్రం చెప్పినంత మామూలు మాట. తండ్రి తల దించుకున్నాడు. కిటికీ దగ్గర పుస్తకాలు అందించే ఆ నేస్తాన్నే పిలిచారు. ఆమె కదల్లేదు. "వెళ్ళవే, నీ తర్వాత నేనొస్తా" అంది ఈ పిల్ల. అప్పుడు వెళ్ళింది, ఎవరి వైపూ చూడకుండా. కొబ్బరికాయ కొట్టారు. వెనకాలే చైర్మన్ గారు, కమిటీ, హెడ్మాస్టరుగారు అందరూ లోపలికి పోయారు. నేను పోలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు.

"ఇప్పుడు ఆ అమ్మాయిని రమ్మనండి" అన్నారు సిద్ధాంతిగారు లోపల్నించి. అలవాటు కొద్దీ మిగతా మాట కూడా అనేశారు. "కుడికాలు ముందు పెట్టి రామ్మా."

అన్నాక ఆయనకే తెలిసొచ్చింది, దిక్సూచి సంచీలో పెట్టుకోవడంలో పడ్డారు. ఆ పిల్ల చక్రాలు తిప్పుకుంటూ, కడ్డీ పట్టుకోకుండా, ర్యాంపు పైదాకా వచ్చి ఆగింది. ఊపిరి తీసుకుంది. లోపలున్న పెద్దవాళ్ళందరి వంకా చూసింది. నన్ను తప్పు పట్టేటప్పుడు ఉండే గొంతే అది.

"నాకు రెండూ ఒకేసారి వస్తాయండీ. పర్లేదా?"

ఎవరూ పర్లేదు అనలేదు. ఆమె కూడా జవాబు కోసం ఆగలేదు.